హెవీ మెటల్స్ బ్లడ్ టెస్ట్: ఎవరికి అవసరం, రిపోర్ట్ ఎలా చదవాలి?

 ఇవాళ్టి ఎపిసోడ్‌లో హెవీ మెటల్స్ బ్లడ్ టెస్ట్ గురించి మాట్లాడుకుందాం. అంటే రక్తంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం లాంటివి ఎంత ఉన్నాయో చూసే పరీక్ష అన్నమాట.

ఈ టాపిక్ ఎందుకంటే, మన చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఏరియా సంగతి మీకు తెలిసిందే. గ్రూప్స్‌కి, సివిల్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు, హాస్టల్స్, స్టడీ హాల్స్, సెంట్రల్ లైబ్రరీ. రోజుకి పది పన్నెండు గంటలు కూర్చుని చదువుతారు. సరిగ్గా తినరు, సరిగ్గా నిద్రపోరు. ఆరు నెలలు గడిచేసరికి జుట్టు రాలుతుంది, నీరసం వస్తుంది, చదివింది గుర్తుండదు. అప్పుడు ఫోన్‌లో వెతుకుతారు. "మీ బాడీలో టాక్సిన్స్ ఉన్నాయి" అని ఒక రీల్ వస్తుంది. దాని కిందే ఒక ఫుల్ బాడీ ప్యాకేజ్, అందులో "హెవీ మెటల్స్" అని ఒక లైన్. బుక్ చేస్తే పొద్దున్నే రూమ్‌కొచ్చి బ్లడ్ తీసుకెళ్తారు. సాయంత్రమో, రెండు రోజులకో పీడీఎఫ్ వస్తుంది. అందులో ఒక అంకె పక్కన ఎర్ర రంగులో "హై" అని ఉంటుంది.

ఇక ఆ రోజు చదువు సాగదు. ఇంట్లో చెప్పాలా వద్దా అని భయం. ఇంకో రీల్ చూసి "డీటాక్స్" డ్రిప్‌కి డబ్బులు కట్టేవాళ్లు కూడా ఉంటారు.

ఇంకో రకం వాళ్లు కూడా ఉన్నారు. బ్యాటరీ షాపులో పనిచేసే తమ్ముడు, వెండి కరిగించే చోట పనిచేసే అన్న, ఊళ్లో ఎవరో ఇచ్చిన భస్మం నెలల తరబడి వాడుతున్న అమ్మమ్మ. నిజంగా ఈ టెస్ట్ అవసరమైంది వీళ్లకి. వీళ్లకి మాత్రం ఎవరూ చెప్పరు. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ అంకెకి అర్థం రావాలంటే ముందు ఒక ప్రశ్నకి జవాబు కావాలి: ఆ లోహం నా ఒంట్లోకి ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది, ఎప్పుడు వచ్చి ఉంటుంది? ఈ ప్రశ్న అడక్కుండా చేయించిన టెస్ట్ చాలాసార్లు భయాన్ని పెంచుతుంది తప్ప దారి చూపించదు.

ఏలూరులో ఏం జరిగిందో గుర్తుందా?

ముందు మన తెలుగు నేల మీద జరిగిన ఒక పెద్ద కేసు చూద్దాం. 2020 డిసెంబర్ 5. కోవిడ్ ఇంకా పోలేదు. ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. ఫిట్స్, నోట్లో నురగ, వాంతులు, తలనొప్పి, స్పృహ తప్పడం. మొదట వన్ టౌన్ వైపు, తర్వాత వేరే వీధులు, చుట్టుపక్కల ఊళ్లు. కొద్ది రోజుల్లోనే ఐదు వందల మందికి పైగా ఆసుపత్రికి వెళ్లారు. ఏలూరు ప్రభుత్వాసుపత్రి నిండిపోయింది, కొందరిని విజయవాడ, గుంటూరు పంపారు. చాలామంది మాత్రం కొన్ని గంటల్లోనో, ఒకట్రెండు రోజుల్లోనో కోలుకుని ఇంటికి వెళ్లిపోయారు.

రక్తం శాంపిల్స్ ఢిల్లీ ఎయిమ్స్‌కి వెళ్లాయి. వాటిలో సీసం, నికెల్ ఉన్నాయని రిపోర్ట్ వచ్చింది. ఇక టీవీల్లో అదే హెడ్‌లైన్. "ఏలూరు వింత వ్యాధికి కారణం సీసం" అని ఊరంతా ఫిక్స్ అయిపోయింది. పాత బ్యాటరీల వల్ల అని ఒకరు, పాల వల్ల అని ఇంకొకరు.

కానీ అక్కడ ఒక చిక్కు ఉంది. రక్తంలో చేరిన సీసం ఒక్క రోజులో వెళ్లిపోదు. అది సగానికి తగ్గడానికే సుమారు ఒక నెల పడుతుంది. సీసం వల్లే అంత తీవ్రంగా ఫిట్స్ వచ్చిన మనిషి, సెలైన్ ఎక్కించగానే మర్నాడు నడుచుకుంటూ ఇంటికి వెళ్లడం మామూలుగా జరగదు. అంటే రక్తంలో సీసం కనిపించడం ఒక విషయం, ఆ రోజు పడిపోవడానికి కారణం సీసమే అనడం ఇంకో విషయం. ఈ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది.

అందుకే పరిశోధకులు రక్తంతో ఆగలేదు. మన తార్నాకలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్, ఐఐసీటీ, హబ్సిగూడలోని సీసీఎంబీ, ఇటు నీరీ, అటు ఎయిమ్స్, అందరూ దిగారు. నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం, మూత్రం అన్నీ పరీక్షించారు. చివరికి డిసెంబర్ మధ్యలో ప్రభుత్వంతో జరిగిన సమావేశంలో నిపుణులు, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని చెప్పారు. మొదట హెడ్‌లైన్ అయిన సీసం, నికెల్ వెనక్కి వెళ్లాయి.

ఒక ఊరి మొత్తానికి, దేశంలోని పెద్ద పెద్ద ల్యాబ్‌లు కలిసి చూసినా, రక్తంలో దొరికిన లోహం ఒక్కటే కథ చెప్పలేకపోయింది. మరి రూమ్‌లో కూర్చుని ఒక పీడీఎఫ్‌లో ఒక అంకె చూసి మనం ఎలా తేల్చేస్తాం?

సీసం ఒంట్లో ఏం చేస్తుంది?

ఇప్పుడు కొంచెం సైన్స్. భయపడకండి, సింపుల్‌గానే చెప్తా.

సీసం మన ఒంటికి కాల్షియంలా కనిపిస్తుంది. అందుకే కాల్షియం వెళ్లే దారిలోనే లోపలికి దూరిపోతుంది. రక్తంలోకి వచ్చాక దాదాపు మొత్తం ఎర్ర రక్త కణాలకే అంటుకుంటుంది. రక్తం ఎర్రగా ఉండటానికి కారణమైన హీమ్ తయారీని అడ్డుకుంటుంది, అందుకే ఎక్కువైతే రక్తహీనత వస్తుంది. నరాల మీద, మెదడు మీద పనిచేస్తుంది. పిల్లల్లో మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది కాబట్టి వాళ్లకి నష్టం చాలా ఎక్కువ. తర్వాత ఎముకల్లోకి వెళ్లి దాక్కుంటుంది. అక్కడ ఏళ్ల తరబడి, దశాబ్దాలు కూడా ఉండిపోతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఎముకల్లోంచి కాల్షియం బయటికి వస్తుంది కదా, దాంతో పాటు సీసం కూడా వచ్చి బిడ్డకి చేరుతుంది.

దీన్నిబట్టి ఒక విషయం అర్థం చేసుకోండి. రక్తంలో సీసం అంటే ముఖ్యంగా గత కొన్ని వారాల కథ. చిన్నప్పటి నుంచి మొత్తం ఎంత చేరిందో ఆ ఒక్క అంకె చెప్పదు.

మన సిటీకి పాత కథ కూడా ఉంది. ఒకప్పుడు పెట్రోల్‌లోనే సీసం కలిపేవారు. 1990ల చివర్లో బెంగళూరుకి చెందిన జార్జ్ ఫౌండేషన్ హైదరాబాద్‌తో పాటు మరికొన్ని పెద్ద నగరాల్లో రక్త పరీక్షలు చేస్తే, 12 ఏళ్లలోపు పిల్లల్లో సగం మందికి పైగా అప్పటి పరిమితి దాటారు. 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోల్ వచ్చింది. తర్వాత ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో రూల్ తెచ్చారు, 2017 నవంబర్ నుంచి అది అమల్లోకి వచ్చింది. అంటే ముప్పై ఏళ్లు దాటిన అన్నలు, అక్కలు నారాయణగూడ చౌరస్తాలో సీసం పొగ పీలుస్తూ స్కూల్‌కి వెళ్లినవాళ్లే. తర్వాత పుట్టినవాళ్లకి ఆ బాధ తప్పింది. రోడ్డు మీది సీసాన్ని టెస్టులు తగ్గించలేదు, పెట్రోల్ మార్చడం తగ్గించింది. ఇది గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఏ లోహానికి ఏ శాంపిల్?

ఇక్కడే చాలా ప్యాకేజీలు బోల్తా కొడతాయి. అన్ని లోహాలకీ ఒకే గొట్టం రక్తం సరిపోదు.

సీసానికి రక్తమే సరైన శాంపిల్. అది కూడా పూర్తి రక్తం, అంటే గడ్డ కట్టకుండా ఉంచే ఈడీటీఏ ట్యూబ్‌లో తీసుకున్నది. సీరం, అంటే కణాలన్నీ తీసేశాక మిగిలే పసుపు రంగు నీరు, పనికిరాదు. ఇందాక చెప్పుకున్నాం కదా, సీసం ఎర్ర కణాలకి అంటుకుని ఉంటుందని. కణాలే పారేస్తే ఇక కొలిచేది ఏముంది? రిపోర్ట్‌లో సీసం పక్కన "సీరం" అని ఉంటే అక్కడే అడగండి.

ఆర్సెనిక్‌కి మూత్రం మంచిది. రక్తంలో అది కొన్ని గంటలే ఉండి కిడ్నీల దారి పడుతుంది. రక్తంలో లేదని వస్తే అసలు లేదని కాదు.

పాదరసం రెండు రకాలుగా వస్తుంది. చేపల నుంచి వచ్చేది రక్తంలో తెలుస్తుంది. పనిచేసే చోట ఆవిరి నుంచో, కొన్ని మందుల నుంచో, తెల్లబడటానికి రాసుకునే కొన్ని క్రీముల నుంచో వచ్చేది మూత్రంలో బాగా తెలుస్తుంది.

కాడ్మియం రక్తంలో ఉంటే ఈమధ్య చేరినట్టు, మూత్రంలో ఉంటే చాలా కాలంగా పేరుకున్నట్టు. సిగరెట్ తాగేవాళ్లకి కాడ్మియం కొంచెం ఎక్కువే వస్తుంది, పొగాకు ఆకులోనే అది ఉంటుంది కాబట్టి. టీ కొట్టు దగ్గర రోజుకి నాలుగు సిగరెట్లు తాగుతూ "నాకు కాడ్మియం ఎలా వచ్చింది" అని అడిగితే జవాబు చేతిలోనే ఉంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఫ్లోరైడ్ లోహం కాదు. నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడ చదువుకుంటున్నారు. ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగాం కదా అని హెవీ మెటల్స్ ప్యానెల్ చేయిస్తే అందులో ఫ్లోరైడ్ కనిపించదు. దానికి వేరే పరీక్షలు ఉన్నాయి.

జుట్టు కత్తిరించి పంపితే బాడీలో అన్ని లోహాలూ చెప్తాం అనే టెస్టులు కూడా వస్తున్నాయి. షాంపూ, రంగు, దుమ్ము, బోరు నీళ్లు, అన్నీ జుట్టుకి అంటుకుంటాయి. లోపలి నుంచి వచ్చిందేదో, బయటి నుంచి అంటుకున్నదేదో విడదీయడం కష్టం. ఒక మనిషికి వైద్యం నిర్ణయించడానికి దాన్ని నమ్ముకోకండి.

శాంపిల్ ఇచ్చే ముందు

ఒకటి, వేలికి సూది గుచ్చి చుక్క రక్తంతో చేసే సీసం టెస్టులో ఎక్కువ వస్తే వెంటనే కంగారు పడొద్దు. వేలి మీద ఉన్న దుమ్ములోని సీసం కూడా ఆ చుక్కలో కలుస్తుంది. చేతి నరం నుంచి రక్తం తీసి మళ్లీ చూడాలి. అది ఎక్కువ వస్తేనే లెక్క.

రెండు, ట్యూబ్. లోహాల కోసం ప్రత్యేకంగా శుభ్రం చేసిన ట్యూబులు ఉంటాయి, ట్రేస్ ఎలిమెంట్ ట్యూబ్ అంటారు. మనం కొలుస్తున్నది లీటరు రక్తంలో మైక్రోగ్రాముల్లో. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ట్యూబ్ మూతలోనో, సూదిలోనో రవ్వంత లోహం ఉన్నా అంకె మారిపోతుంది. ఇంటికొచ్చిన కుర్రాడిని "అన్నా, ఇది మెటల్స్ ట్యూబేనా?" అని అడగడానికి మొహమాటపడకండి.

మూడు, తిండి. రొయ్యలు, పీతలు, సముద్రపు చేపల్లో ఒక రకం ఆర్సెనిక్ సహజంగానే ఉంటుంది. అది మనకి హాని చేయకుండా మూత్రంలో వెళ్లిపోతుంది. కానీ టెస్టులో "మొత్తం ఆర్సెనిక్" అని కొలిస్తే అది కూడా కలిసి అంకె పైకి పోతుంది. మృగశిర కార్తె రోజు రాంనగర్ మార్కెట్‌లో కొనే రవ్వ, బొచ్చె లాంటి చెరువు చేపల్లో ఇది తక్కువ. ఆదివారం రొయ్యల ఇగురు తిని సోమవారం శాంపిల్ ఇస్తే మాత్రం రిపోర్ట్ చూసి గుండె జారుతుంది. కనీసం మూడు నాలుగు రోజులు సీఫుడ్ మానేసి ఇవ్వండి. అప్పటికీ ఎక్కువ వస్తే, ఏ రకం ఆర్సెనిక్ అనేది విడదీసి చూసే టెస్ట్ అడగండి.

నాలుగు, ఈమధ్య ఎమ్మారై కోసం చేతికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ల్యాబ్‌కి చెప్పండి. అందులో గాడోలినియం అనే లోహం ఉంటుంది. అది ఈ మెషీన్ కొలతల్ని గందరగోళం చేస్తుంది. నాలుగు రోజులైనా ఆగమంటారు.

ఈ టెస్ట్ చేసే మెషీన్‌ని ఐసీపీ-ఎంఎస్ అంటారు. శాంపిల్‌ని విపరీతమైన వేడిలో పరమాణువులుగా విడగొట్టి, వాటిని బరువు ప్రకారం లెక్కపెడుతుంది. మెషీన్ గొప్పదే. కానీ మనం ఏది లోపల పెడితే దాన్నే లెక్కపెడుతుంది, అది రక్తంలోదా, ట్యూబ్ మూతలోదా అని దానికి తెలియదు.

రిపోర్ట్‌లో అంకె ఎలా చదవాలి?

మొదట యూనిట్ చూడండి. దీని దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. సీసాన్ని కొన్ని ల్యాబ్‌లు డెసిలీటరుకి మైక్రోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని లీటరుకి మైక్రోగ్రాముల్లో ఇస్తాయి. డెసిలీటరు అంటే లీటరులో పదో వంతు. అంటే డెసిలీటరుకి 3 అన్నా, లీటరుకి 30 అన్నా ఒకటే. ఫ్రెండ్ రిపోర్ట్‌లో 3 ఉంది, నాది 30 ఉంది అని రాత్రంతా నిద్ర మానేయకండి. ముందు యూనిట్లు కలిపి చూసుకోండి.

తర్వాత, ఆ రేంజ్ ఎక్కడిది? అమెరికా సీడీసీ వాళ్లు పిల్లలకి 1991లో 10 అని గీత పెట్టారు. 2012లో 5 అన్నారు, 2021లో 3.5కి దించారు. ఇవన్నీ డెసిలీటరుకి మైక్రోగ్రాములు. గీత ఎందుకు దిగుతూ వచ్చిందంటే, సీసానికి "ఇంతవరకు ఫర్వాలేదు" అనే స్థాయి ఏదీ దొరకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 లేదా అంతకంటే ఎక్కువ వస్తే, ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపమంటుంది. రిపోర్ట్‌లో 10 వరకు నార్మల్ అని రాసి ఉంటే, చిన్నపిల్లల విషయంలో అది పాత గీత అని గుర్తుపెట్టుకోండి.

అలాగని గీత దాటగానే ప్రాణం పోతుందని కాదు. 3.5 అనేది మందు మొదలుపెట్టే గీత కాదు, ఇల్లంతా ఒకసారి వెతకమని చెప్పే గీత. పిల్లల్లో సీసాన్ని బయటికి లాగే మందులు సాధారణంగా 45 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు వాడతారు. 4 కీ 45 కీ మధ్య ఎంత తేడా ఉందో చూడండి.

ఇంకొకటి, "హెవీ మెటల్స్" అని ప్యాకేజీలో జింక్, కాపర్, సెలీనియం కూడా కలిపేస్తారు. ఇవి ఒంటికి కావాల్సినవే. మల్టీ విటమిన్ మాత్ర వేసుకుంటుంటే జింక్ కొంచెం ఎక్కువ రావచ్చు. దాన్ని విషం అనుకోకూడదు.

ఎవరు చేయించుకోవాలి?

పాత బ్యాటరీలు విప్పడం, సీసం కరిగించడం, సోల్డరింగ్, వెండి బంగారం శుద్ధి, పాత పెయింట్ గీకడం, ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లు. వాళ్ల ఇంట్లో చిన్నపిల్లలు కూడా. ఎందుకంటే పని బట్టలతో దుమ్ము ఇంటికి వస్తుంది.

భస్మాలు, రసౌషధాలు వాడుతున్నవాళ్లు. 2008లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన ఒక పరిశోధనలో, ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే సుమారు ఐదింట ఒక వంతు వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. అన్ని ఆయుర్వేద మందులూ ఇలా ఉంటాయని కాదు. కానీ లేబుల్ లేని పొట్లం, ఏం కలిపారో చెప్పని మాత్ర నెలల తరబడి వాడుతూ, కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గడం ఉంటే డాక్టర్‌కి ఆ పొట్లం కూడా తీసుకెళ్లి చూపించండి. మందు సంగతి దాచిపెట్టడం వల్ల అపెండిక్స్ అని, అల్సర్ అని తిరిగి తిరిగి, చివరికి సీసం అని తేలే కేసులు ఉంటాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది బాగా తెలుసు. అక్కడ చాలా చోట్ల పిల్లలకి ఏడాది, రెండేళ్ల వయసులో సీసం టెస్ట్ చేస్తారు. ఎక్కువ వస్తే డాక్టర్ అడిగే ప్రశ్నల్లో మన ఇంటి నుంచి పంపిన కాటుక, కుంకుమ, సింధూరం, పసుపు కూడా ఉంటాయి. ఎందుకంటే కొన్ని చోట్ల పసుపు మెరవడానికి లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగు కలుపుతారు. బంగ్లాదేశ్‌లో ఇది ఎంత ఉండేదంటే, 2019లో మార్కెట్ శాంపిల్స్‌లో 47 శాతంలో సీసం దొరికింది. ప్రభుత్వం, పరిశోధకులు కలిసి వ్యాపారులకి చెప్పి, దాడులు చేసి ఆపిస్తే 2021కల్లా అది సున్నాకి వచ్చింది.

మరి ఎవరికి అక్కర్లేదు? కేవలం నీరసం, జుట్టు రాలడం, ఏకాగ్రత లేకపోవడం ఉండి, పైన చెప్పిన వాటిలో ఏదీ లేనివాళ్లకి మొదటి టెస్ట్ ఇది కాదు. ముందు సీబీసీ, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్, బీ12, విటమిన్ డి, షుగర్. హాస్టల్ తిండి తినే అమ్మాయిల్లో, అబ్బాయిల్లో కూడా ఎక్కువగా దొరికేవి ఇవే. ఇంకో లింక్ కూడా ఉంది. ఒంట్లో ఐరన్ తక్కువగా ఉంటే సీసం ఇంకా ఎక్కువ లోపలికి వెళ్తుంది. కాబట్టి ఐరన్ సరిచేసుకోవడం రెండు విధాలా లాభమే.

ఎక్కువ వస్తే ఏం చేయాలి?

మొదటి పని, మళ్లీ టెస్ట్. నరం నుంచి, సరైన ట్యూబ్‌లో, వీలైతే వేరే ల్యాబ్‌లో.

రెండో పని, వెతకడం. ఒక కాగితం తీసుకుని రాయండి. గత మూడు నెలల్లో ఏం మందులు వాడాను? ఏ పౌడర్లు తాగాను, జిమ్ సప్లిమెంట్లతో సహా? వంట ఏ గిన్నెల్లో? తుక్కు కరిగించి పోసిన చవక అల్యూమినియం గిన్నెల్లో సీసం ఉండే అవకాశం ఉంది, అందులో చింతపండు పులుసు కాచితే ఇంకా ఎక్కువ దిగుతుంది. నీళ్లు ఎక్కడివి, నల్లావా, బోరువా, ట్యాంకర్‌వా? రూమ్ గోడలకి పాత పెయింట్ పెచ్చులు ఊడుతున్నాయా? పక్కనే ఏ షాపు ఉంది? ఈ కాగితం తీసుకుని జనరల్ మెడిసిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మనకి దగ్గర్లో ముషీరాబాద్ గాంధీ ఆసుపత్రి ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది. విషాల గురించి డాక్టర్లకి కూడా సలహా చెప్పే నేషనల్ పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉంది. రిపోర్ట్ కంటే ఆ కాగితమే డాక్టర్‌కి ఎక్కువ చెప్తుంది.

నీళ్ల మీద అనుమానం ఉంటే రక్తం కంటే ముందు నీళ్లనే టెస్ట్ చేయించడం తెలివైన పని. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది కదా, అందరూ ఐపీఎం అంటారు. కుక్క కరిస్తే వ్యాక్సిన్‌కి అక్కడికే వెళ్లమని పెద్దవాళ్లు చెప్తారు. నీళ్లు, ఆహారం పరీక్షలు చేసే ప్రభుత్వ సంస్థ అది. లోహాల పరీక్ష కావాలని, శాంపిల్ ఏ సీసాలో ఎలా తేవాలని ముందే అడిగి వెళ్లండి. ఒక్కరు కాకుండా హాస్టల్‌లో పదిమంది కలిసి ఒక్క శాంపిల్ ఇస్తే ఖర్చు కూడా పంచుకోవచ్చు. ఇంకో మాట, నీళ్లు కాచితే క్రిములు చస్తాయి, లోహాలు పోవు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి.

మూడో విషయం చాలా సీరియస్. డీటాక్స్ పేరుతో కీలేషన్ చేయించుకోకండి. కీలేషన్ అంటే లోహాన్ని పట్టుకుని మూత్రంలోకి లాగే మందు. నిజంగా విషం ఎక్కినవాళ్లకి అది ప్రాణం కాపాడుతుంది. అవసరం లేకుండా ఇస్తే కాల్షియం, జింక్ లాంటి కావాల్సినవాటిని కూడా లాగేస్తుంది. అమెరికాలో 2003 నుంచి 2005 మధ్య కీలేషన్ తర్వాత రక్తంలో కాల్షియం పడిపోయి ముగ్గురు చనిపోయారని సీడీసీ రికార్డు చేసింది. అందులో ఇద్దరు చిన్నపిల్లలు.

దీంట్లోనే ఒక ట్రిక్ కూడా ఉంది. ముందు కీలేషన్ మందు ఇచ్చి, తర్వాత మూత్రం టెస్ట్ చేస్తారు. మందు లాగుతుంది కాబట్టి ఎవరికైనా అంకె పెరుగుతుంది. దాన్ని మామూలు మనుషుల రేంజ్‌తో పోల్చి "చూశారా, ఎంత విషం ఉందో" అంటారు. మందు ఇచ్చాక వచ్చిన మూత్రానికి సరైన రేంజ్ అంటూ ఏదీ లేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ టాక్సికాలజీ ఈ పద్ధతి వాడొద్దని స్పష్టంగా చెప్పింది. ఎవరైనా "ముందు ఒక ఇంజెక్షన్, తర్వాత టెస్ట్" అంటే చెప్పులు వేసుకుని బయటికి వచ్చేయండి.

మామూలుగా కొంచెం ఎక్కువ ఉన్నవాళ్లకి అసలు వైద్యం ఏంటంటే, లోహం వచ్చే దారి మూసేయడం. ఆ పొట్లం ఆపడం, ఆ గిన్నె మార్చడం, పనిచేసే చోట మాస్క్, గ్లౌజులు, ఇంటికొచ్చే ముందు స్నానం, వేరే బట్టలు. ఐరన్, కాల్షియం సరిపడా తినడం. తర్వాత ఒకటి రెండు నెలలకి మళ్లీ టెస్ట్. సీసం సగానికి తగ్గడానికి ఒక నెల పడుతుందని చెప్పుకున్నాం కదా, అందుకే వారానికోసారి టెస్ట్ చేయించి ప్రయోజనం లేదు. చాలా ఏళ్లుగా పేరుకున్నవాళ్లకి ఎముకల్లోంచి మళ్లీ వస్తూ ఉంటుంది కాబట్టి ఇంకా నెమ్మదిగా తగ్గుతుంది.

ఇందాక పెట్రోల్ సంగతి గుర్తుంచుకోమన్నా కదా. పెట్రోల్‌లో ఆపారు, రోడ్డు మీద తగ్గింది. బంగ్లాదేశ్‌లో పసుపులో ఆపారు, మార్కెట్‌లో పోయింది. మన ఇంట్లో కూడా లెక్క అదే. టెస్ట్ చేసే పని దారి ఎక్కడుందో చూపించడం వరకే.

యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే దాదాపు 80 కోట్ల మందికి, రక్తంలో సీసం 5 లేదా అంతకంటే ఎక్కువ ఉందని అంచనా. అందులో మన దేశం పిల్లలే 27 కోట్లకి పైగా. కాబట్టి ఇదంతా ఉత్త భయం అని కొట్టిపారేయొద్దు. సమస్య నిజమే. కాకపోతే అది ఎక్కువగా ఉన్నది ఫోన్‌లో ప్యాకేజీ బుక్ చేసుకునే మన దగ్గర కాదు, బ్యాటరీలు విప్పే సందుల్లో, ఆ సందుల్లో ఆడుకునే పిల్లల దగ్గర.

అందుకని ఒక పని చేయండి. మీకు తెలిసినవాళ్లలో అలాంటి పని చేసే అన్న ఎవరైనా ఉంటే, ఇంట్లో పొట్లం మందు వాడే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. చదవడం రాకపోతే పక్కన కూర్చుని చెప్పండి. మీకు మాత్రం నీరసంగా ఉంటే ఈ రాత్రికి త్వరగా పడుకోండి, రేపు పొద్దున సీబీసీ, ఫెరిటిన్ చేయించుకోండి. ఇక్కడ చెప్పిందంతా అవగాహన కోసమే, మీ డాక్టర్ మాటకి బదులు కాదు.